ప్లగ్గు తెల్లగుంటె సంబురపడకు బిడ్డా

గోదావరిఖని,
ఆదివారం రాత్రి

కోడలా,

పొద్దుగాల మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నా, నీ కోడలు నర్సంపేట నుంచి ట్రాలీ ఆటోల పాత బండి ఏసుకొచ్చింది. యమహా ఆర్ఎక్స్ హండ్రెడ్ అట. వరండల నా పాత చీర పరిచి, పానాలు ముంగటేసుకొని కూసున్నది. నీ మాటైతె ఇంటది, వద్దని చెప్పు" అన్నది. సరే చెప్తలే అన్న. ఫోన్ పెట్టినంక శానాసేపు అట్లనే కూసున్న. మీ అత్త తెచ్చిన చాయ్ సల్లారిపోయింది.

వద్దని రాయబుద్ది అయితలేదు బిడ్డా. ముప్పై ఏండ్లు సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల డంపర్ల కింద పండుకొని పనిచేసినోన్ని. నాకు ఇద్దరు కొడుకులు, ఒక్కనికన్న పానా పట్టాలన్న ఆశ పుట్టలే. ఆ ఆశ నీకు పుట్టింది. హన్మకొండల మన ఇంటి ఆడపిల్ల ఇంజన్ విప్పుతున్నదంటె నాకు ఛాతి ఎంత పొంగిందో, కడుపుల అంత రంది పుట్టింది. అందుకే రాస్తున్న. ఫోన్ల అయితె సగం నువ్వు మర్చిపోతవు, సగం నేను చెప్పలేక మింగుత.

ముందు కాగితాలు. ఆర్సీ మీది ఇంజన్ నంబరు, ఛాసీ నంబరు బండి మీద ఉన్నయా, గీకి మల్ల కొట్టిన ఆనవాళ్లు ఉన్నయా చూడు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తోని రుద్దితె తెలిసిపోతది. 94 మోడల్ అన్నది మీ అమ్మ. 15 ఏండ్ల రిజిస్ట్రేషన్ ఎన్నడో అయిపోయింది. ఆ తర్వాత ఐదేండ్లకోసారి రెన్యూవల్ అయ్యిందా లేదా చూసుకో. నీ పేరు మీదికి మారెదాక బండి రోడ్డెక్కొద్దు.

విప్పేటప్పుడు ప్రతిదానికి ముందే ఫోన్ల ఫోటో తీసుకో. బోల్టులు ఏవి ఎక్కడివో డబ్బాలల్ల ఏసి పేరు రాయి. సిలుము పట్టి రాని బోల్టును బలం పెట్టి తిప్పకు, కిరసనాయిలో డీజిలో పోసి రాత్రంత నాననియ్యి. బ్రేకు డ్రమ్ముల దుమ్మును నోటితోని ఊదకు, తడిబట్టతోని తుడువు. పాత లైనర్లల్ల ఆస్‌బెస్టాస్ ఉంటుండె, ఊపిరితిత్తులకు మంచిది కాదు. చున్నీ ఏసుకొని చైను దగ్గర కూసోకు. జడ ముడి ఏసుకో.

పెట్రోలు వరండల పెట్టకు. మీ అమ్మ పొద్దుమూకితె దీపం పెట్టేది ఆడనే. ట్యాంకుకు చిల్లులున్నయట కద. ఒక మాట గట్టిగ యాదిపెట్టుకో: నిండు ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకే ప్రమాదం. లోపల ఆవిరి గాలితోని కలిసి ఉంటది, వెల్డింగు నిప్పు తాకితె బాంబు లెక్క పేలుతది. దాన్ని నేనొచ్చినంక కడుగుదాం. అప్పటిదాక మూత తీసి, నీడకు, గాలి తగిలె జాగల పెట్టు.

ఇగ నువ్వు చెయ్యాలనుకుంటున్న షోకుల సంగతి. హ్యాండిల్ కిందికి దించుతవట, ఎనుక ఫ్రేమ్ కోసి ఒక్కరు కూసునె సీటు పెడుతవట, సైలెన్సర్ మారుస్తవట. ఫ్రేమ్ మీద మాత్రం రంపం పెట్టకు బిడ్డా. షాకబ్జర్లు మోసె బరువంత ఆ ఎనుక గొట్టాల మీదనే ఉంటది. కోసి అతికిస్తె ఆ అతుకు ఎన్నడు ఇడుస్తదో ఎవ్వరు చెప్పలేరు. కంపెనీ ఇచ్చిన వివరాలు మారేట్టు బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ల గూడ ఉన్నది. రంగు మార్చుకో, ఆర్సీల ఎక్కించుకో. అద్దాలు, లైటు, సీటు గుడ్డ, గ్రిప్పులు నీ ఇష్టం. నాకు మాత్రం ఆ పాత చెర్రి రంగు ట్యాంకే ముద్దు.

సైలెన్సర్ దగ్గర ఆగుత.

ఇది నేను ఎవ్వరికి చెప్పని ముచ్చట. మీ అత్తకు గూడ సగమే తెలుసు.

1992ల నాకు ఇంక సింగరేణి నౌకరి రాలే. హన్మకొండల ఒక రిపేరు షెడ్డుల చేతికింద పనిచేస్తుంటి. ఇంజన్ పట్టేసిన ఆర్ఎక్స్ హండ్రెడ్ ఒకటి సస్తగ దొరికింది. అప్పట్ల ఆ బండంటె మాకు పిచ్చి. 98 సీసీ, 11 గుర్రాలు, బండి బరువు చూస్తె సుమారు 100 కిలోలు. గేరు మార్చంగనే ముంగటి గిర్ర లేస్తుండె. అరిగిన సిలిండర్‌కు బోరు కొట్టించి, కొత్త పిస్టన్ ఏసి, నా చేతులతోని బిగించిన. స్టార్టయినప్పుడు షెడ్డులున్నోళ్లంత చప్పట్లు కొట్టిండ్రు.

అంతటితోని ఆగితె బాగుండు. సప్పుడు కావాలె నాకు. నయీంనగర్ల తిరుగుతె చౌరస్తదాక ఇనబడాలె. సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసిన. గాలి మంచిగ గుంజుతదని ఎయిర్ ఫిల్టర్ తీసేసిన. కార్బొరేటర్ల పెట్రోలు ఎంత పోవాల్నో కొలిచె జెట్ మాత్రం పాతదే. రెండు దినాలైనంక, ఇంజన్ల నిప్పురవ్వ పుట్టించె స్పార్క్ ప్లగ్గు విప్పి చూసిన. తెల్లగున్నది, సున్నమేసిన గోడ లెక్క. మురిసిపోయిన బిడ్డా. నా ఇంజన్ల మసి గూడ లేదు, ఎంత సాఫుగ కాలుతుందో అని దోస్తులకు చూపెట్టిన. మా మేస్త్రి పండుగకు ఊరికి పోయిండు. ఉంటె ఆ ప్లగ్గు చూసి నా చెంప పగలగొట్టెటోడు, బండి తాళం గుంజుకునెటోడు.

ప్లగ్గు చాయ్ రంగుల ఉండాలె. నల్లగ తడిగ ఉంటె పెట్రోలు ఎక్కువైతుందన్నట్టు. తెల్లగ ఉంటె గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది, లోపల మంట మండిపోతుందన్నట్టు. ఈ బండి టూ స్ట్రోక్, దాంట్ల ఆయిల్ పెట్రోలు ఎంబడే సిలిండర్లకు పోతది గద. పెట్రోలు సాలకపోతె పిస్టన్ సలువ గూడ తగ్గుతది. ఉబ్బిన పిస్టన్ బోరును పట్టుకుంటది. సైలెన్సర్ గూడ ఉత్త సప్పుడు ఆపె డబ్బ కాదు. బయటికి పోయిన పొగ ఒత్తిడి అల లెక్క దాంట్ల తట్టుకొని తిరిగొచ్చి, పొగ ఎంబడి పారిపోయె పెట్రోలును మల్ల లోపలికి నెడుతది. దాన్ని ముట్టుకున్నమంటె ఇంజన్‌ను ముట్టుకున్నట్టే. నాకు ఇవన్ని తర్వాత తెలిసినయి.

సద్దుల బతుకమ్మకు ఊరికి పోవాలె. మీ అమ్మకు అప్పుడు 19 ఏండ్లు, హన్మకొండల డిగ్రీ చదువుతుండె. నా బండి మీద పోదం అన్నది తనే. తంగేడు పూలు, గునుగు పూలు ఒక బట్టసంచిల నింపి ఒళ్లె పెట్టుకొని ఎనుక కూసున్నది. ములుగు రోడ్డెక్కినం. బోరు కొట్టించి పదిహేను దినాలు కాలే, మెల్లగ నడపాల్నని ఎరికే నాకు. గుడెప్పాడు దగ్గర పరకాల దారి పట్టినంక రోడ్డు ఖాళీగ ఉన్నది. మీ అమ్మ ఎనుక కూసొని నవ్వుతుంది. యాక్సిలేటర్ మొత్తం తిప్పి పట్టిన.

కీచుమన్నది. గంతే. పిస్టన్ పట్టుకున్నది, ఎనుక గిర్ర తిరుగుడు బందయింది. ఆ క్షణాన క్లచ్ పట్టుంటె గిర్రకు ఇంజన్‌తోని లంకె తెగిపోయి బండి నిమ్మలంగ జారి ఆగెటిది. నా చెయ్యి క్లచ్ మీద లేదు. నేను గడ్డిల పడ్డ. మీ అమ్మ రోడ్డు మీద పడ్డది.

లేచి చూసేసరికి పూలు రోడ్డు నిండ పరుచుకొని ఉన్నయి. ఆమె ఎడమ మోకాలు పట్టుకొని కూసున్నది, ఏడుస్తలేదు. "బాపుకు చెప్పకే అన్నా, బండి అమ్మిస్తడు" అన్నది. అదే ఆమె మొదటి మాట.

ఎవరో ట్రాక్టరాయన పరకాలకు తీస్కపోయిండు. 11 కుట్లు పడ్డయి. పొద్దుమూకంగ నేను మల్ల ఆ జాగకు పోయి బండిని కిక్కు కొట్టిన. సల్లారింది కద, ఒక్క కిక్కుకు స్టార్టయింది, ఏం కానట్టు. గంత కోపం నాకు ఏ యంత్రం మీద రాలే. తప్పు యంత్రానిది కాదని ఎరికైనంక ఆ కోపం నా మీదికి మళ్లింది, ఇంక పోలే. బండిని పరకాలల దోస్తు ఇంట్ల పెట్టి బస్సెక్కి ఊరికి పోయినం. బస్సు దిగుతుంటె జారిపడ్డ అని చెప్పింది బాపుకు. నీకు గూడ అదే చెప్పిందనుకుంట. ఇయ్యాల్టికి గూడ పూజల కింద కూసోలేక స్టూలు ఏసుకుంటది కద, ఎందుకో ఇప్పుడు తెలిసింది నీకు.

మేస్త్రి వచ్చినంక ఆ ప్లగ్గు ఆయనకు చూపెట్టిన. ఒక్క మాట గూడ అనలే. నా అరచేతిల పెట్టి, పిడికిలి మూసిండు. ఆ ప్లగ్గు ఇప్పటికీ నా పానాల పెట్టెల ఉన్నది.

కాబట్టి ఎయిర్ ఫిల్టర్ తియ్యకు, కొత్తది ఎయ్యి. సైలెన్సర్ లోపలి గొట్టం విప్పి మసి గీకి మల్ల బిగించు. సంబురం కోసం మార్చాల్నంటె వేరె ఏమన్న మార్చు. నీకు ఇంకో చిక్కు ఉన్నది, నాకప్పుడు లేనిది. ఇప్పటి పెట్రోలుల 20 శాతం ఇథనాల్ కలుస్తుంది. అది పాత రబ్బరు పైపులను ఉబ్బిస్తది, ట్యాంకుల తేమను పట్టుకుంటది, మీదికెల్లి పాత జెట్‌తోని నడిచె ఇంజన్‌కు పెట్రోలు సాలకుంట చేస్తది. మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది ఏసి చూద్దాం, ప్లగ్గు ఏం చెప్తె అది ఇందాం. పైపులన్ని కొత్తవి తెచ్చుకో.

క్రాంకు అంటె ఇంజన్ల తిరిగె ఇరుసు, దాని ఆయిల్ సీళ్లు మార్చకుంట ఇంజన్ మూయొద్దు. ఏండ్లకొద్ది నిలబడ్డ బండిల ఆ రబ్బరు గట్టిపడి ఉంటది. కరెంటు పుట్టించె మాగ్నెట్ దిక్కు సీలు పోతె గాలి గుంజుతది, మల్ల అదే తెల్ల ప్లగ్గు. క్లచ్ దిక్కు సీలు పోతె గేరు ఆయిల్ గుంజి తెల్ల పొగ కక్కుతది. పైసలు తక్కువ పడితె రంగు ఆపుకో గని సీళ్లు ఆపకు.

బోరుకు ఇచ్చె ముందు పిస్టన్ తల మీద ఏ సైజు రాసున్నదో చూడు. అసలు బోరు 50 మిల్లీమీటర్లు. దానికంటె 0.25 నుంచి 1.00 మిల్లీ దాక పెద్దయి నాలుగు సైజుల పిస్టన్లు దొరుకుతయి. ఇప్పటికే ఒక మిల్లీ దాక పోయుంటె నాకు ఫోన్ చెయ్యి. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ దిక్కు ఉండాలె. రింగు సందు గాడిల ఉన్న పిన్ను దగ్గరికి రావాలె. పిస్టన్ పిన్నును ఆపె సర్క్లిప్పులు పాతవి ఎయ్యకు.

ఆయిల్ పంపును తీసేసి పెట్రోలులనే కలుపుకో అని మెకానిక్‌లు చెప్తరు. ఇనకు. ఒక్కనాడు తొందరల కలపడం మర్చిపోతె సాలు. పంపు తీగను యాక్సిలేటర్‌తోని గుర్తుకు గుర్తు కలిపి బిగించి, పైపుల గాలి పోయెదాక ఆయిల్ వదులు. మొదటి ట్యాంకుకు మాత్రం పంపు ఉన్నా గూడ లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలుపు. మొదటి 500 కిలోమీటర్లు స్పీడు 40 దాటొద్దు. 15, 20 కిలోమీటర్లకోసారి ఆగి సల్లారనియ్యి. ఎప్పుడు నడిపినా, ఊళ్లె అయినా హైవే మీద అయినా, ఎడమ చేతి రెండు ఏళ్లు క్లచ్ మీదనే ఉండాలె. నాకు ఒట్టు పెట్టు.

ఒంటి సీటు గురించి ఒకటి చెప్త. మీ అమ్మ ఆ మాట చెప్పంగనే నా మనసు నిమ్మలపడ్డది. ఎనుక ఎవ్వరు కూసోరు కద అనిపించింది. మల్ల రాత్రి తింటుంటె ఆలోచన మారింది. ముప్పై ఏండ్లు దాటింది, నా బండి ఎనుక ఆమె మల్ల కూసోలే. పరాయి బండ్లు ఎక్కుతది, ఆటో ఎక్కుతది, నా బండి దగ్గరికి వస్తె మాత్రం "నడిచొస్త తియ్యి అన్నా" అంటది. కోపం లేదు ఆమెకు, కాలు గుర్తుపెట్టుకున్నది. నువ్వు చేసిన బండి ఎనుక కూసుంటదో లేదో నాకు తెల్వదు. పాత పొడుగు సీటు మాత్రం పారెయ్యకు, కొత్త రెగ్జిన్ కుట్టించు.

వచ్చె ఆదివారం పొద్దటి బస్సుకు వస్తున్న. మాగ్నెట్ పుల్లర్, క్లచ్ పట్టె పానా నా దగ్గర ఉన్నయి, తెస్త. అప్పటిదాక మాగ్నెట్‌ను సుత్తెతోని కొట్టకు, క్రాంకు వంగిపోతది. బయటి సామాన్లు విప్పి కడుగు, గంతే. ఈ ఉత్తరం మీ అమ్మకు సదివి ఇనిపియ్యకు. కాలు సంగతి నీకు చెప్పిన అని నేనే ఆమె ముంగట కూసొని చెప్త.

పైలం బిడ్డా.

మీ మామ