గజ్జెలు కట్టిన అమ్మాయికి జీతమెంత?

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఏడో ఏట నుంచి గుడివాడలో ఒక మాస్టారి దగ్గర కూచిపూడి నేర్చుకుంటోంది. ఆయనకు ఇరవై మంది లోపు ఉండే చిన్న బృందం ఉంది. చుట్టుపక్కల ఉత్సవాల్లో నృత్యరూపకాలు వేస్తుంటారు. ఇప్పుడు బీటెక్ వద్దు, బృందంలోనే ఉండి నాట్యమే చదువుతానంటోంది. హైదరాబాద్‌లో సీఎస్‌ఈ సీటు వచ్చేలా ఉంది. డ్యాన్సే కావాలంటే ఆన్‌లైన్‌లో అమెరికా పిల్లలకు నేర్పిస్తే లక్షలు వస్తాయని మా బావమరిది అంటున్నాడు. బీటెక్, బృందం, ఆన్‌లైన్ క్లాసులు... ఈ మూడింటినీ ఆదాయం, భవిష్యత్తు చూసి పోల్చి చెప్పగలరు. - ఒక తండ్రి, కృష్ణా జిల్లా

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ. ఒకసారి వేణువు, ఒకసారి బొమ్మలు, ఒకసారి క్రికెట్. సీట్ల సీజన్ వచ్చిందంటే ఇదే ఉత్తరం నాలుగైదు చేతిరాతల్లో వస్తుంది. పోల్చమన్నారు, పోలుస్తాను. దానికి ముందు మీరు రాయని ప్రశ్న ఒకటి ఉంది, అది నేనే రాసేస్తాను. ‘రాత్రిళ్లు వ్యాన్‌లో ఊళ్లు తిరిగి గజ్జెలు కట్టే పిల్లకు రేపు సంబంధాలు వస్తాయా, చుట్టాలు ఏమంటారు?’ మీ ఇంట్లో నలుగుతున్నది ఇదే కదా. ఆదాయం గురించి అయితే మీరు ఇంత టెన్షన్ పడేవారు కాదు. పద్దెనిమిదేళ్ల పిల్ల రేపే ఇల్లు నడపాలని మీరూ అనుకోవడం లేదు.

ఈ భయం తప్పని నేను అనను. అయితే ఆ వ్యాన్‌లో ఎవరెవరు ఎక్కుతారో ఒకసారి గుర్తు చేసుకోండి. మాస్టారు, ఆయన భార్య, వేషం కట్టే పిల్లల్లో ఇద్దరు ముగ్గురి తల్లులు, మృదంగం వాయించే పెద్దాయన, నగల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చునే మేకప్ మనిషి. పదేళ్లుగా వీళ్లందరికీ మీ అమ్మాయి ఇంట్లో పిల్ల. హైదరాబాద్ హాస్టల్లో ఆమె చుట్టూ ఎవరుంటారో మీకు ఇప్పటికి తెలియదు, అయినా దాని గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో నాట్యం చేసిన ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లకు పెళ్లిళ్లు అయ్యాయి. కొందరికి ఆలస్యమయ్యాయి, అలా బీటెక్ చదివినవాళ్లకూ అయ్యాయి.

ఇక బృందం సంగతి. దాన్ని జీతమిచ్చే ఆఫీసులా చూస్తే మీకు నిరాశే మిగులుతుంది. ఒక రూపకం వెయ్యాలంటే పదిహేను మంది వేషధారులు, నట్టువాంగం (తాళం వేస్తూ ఆట నడిపించడం), పాట, మృదంగం, వయొలిన్, ఫ్లూట్, మేకప్, దుస్తులు, లైట్లు, వ్యాన్ కావాలి. ఉత్సవ కమిటీ ఇచ్చే డబ్బులో ఇవన్నీ పోగా పిల్లల చేతికి వచ్చేది చాలాసార్లు దారి ఖర్చులూ భోజనమూ, ఇంకో చిన్న కవరు. అందుకే ఈమధ్య చిన్న బృందాలు పాట రికార్డు చేయించి పెన్‌డ్రైవ్‌తో వెళ్లిపోతున్నాయి. మీ మాస్టారు ఇంకా మృదంగం మనిషిని వెంట తీసుకెళ్తుంటే మాస్టారు గొప్పవాడండీ, డబ్బు లెక్కల్లో మాత్రం వెనకబడే ఉంటాడు.

మరి ఆ బృందం ఎలా బతుకుతోంది? ఊరు బతికిస్తోంది. దసరాకు అమ్మవారి గుడి, కార్తీకానికి శివాలయం, మాఘంలో తిరునాళ్లు. మిగతా రోజుల్లో స్కూలు వార్షికోత్సవాలు. హాలు అద్దె తీసుకోని కల్యాణమండపం యజమాని ఉంటాడు. కుచ్చుల దుస్తులు కుట్టే టైలర్ డబ్బు వచ్చినప్పుడే పుచ్చుకుంటాడు. పూలజడ అల్లే ఆవిడ మనవరాలు ఆ క్లాసులోనే ఉంటుంది. ఇవేవీ లెక్కల పుస్తకంలో కనిపించవు. బృందం ఊరికి ఏం తిరిగిస్తుందంటే, నూటయాభై ఇళ్లలో పిల్లలకు సాయంత్రం ఐదింటికి వెళ్లడానికి ఒక చోటు ఇస్తుంది. మాస్టారి ఇల్లు గడిచేది కూడా ఆ సాయంత్రాల ఫీజులతోనే. స్టేజి మీద కనిపించిన పిల్ల దగ్గరికే తల్లులు తమ పిల్లల్ని పంపుతారు. బృందంలో ఆర్టిస్టుకు వచ్చే అసలు సంపాదన అదే, ‘ఫలానా ఉత్సవంలో వేసిన అమ్మాయి’ అన్న పేరు. ఆ పేరు మీద ఆమె క్లాసు నిండుతుంది. క్లాసు నిండడానికి నాలుగైదేళ్లు పడుతుంది. మీరు అడగాల్సిన ప్రశ్న అది, నెల జీతం గురించి కాదు.

మీ పక్కనే చూడండి. పామర్రు దాటి కాస్త ముందుకెళ్తే కూచిపూడి. భాగవతుల మేళాలు, అంటే నాట్య బృందాలు, ఊరూరా తిరిగి ఆడితేనే ఆ ఊరికి పేరు వచ్చింది. వాళ్ల ఆటకు మెచ్చి గోల్కొండ తానీషా ఆ ఊరిని అగ్రహారంగా రాసిచ్చాడని చెప్పుకుంటారు. ఆ ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని కూచిపూడి నాట్యానికి ఆద్యుడిగా చెప్పుకునే సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని కూడా అంటారు. ఆ ఊరివాడే వేదాంతం సత్యనారాయణ శర్మ, సత్యభామగా జడ వేసుకుని పద్మశ్రీ దాకా వెళ్లారు. వెంపటి చినసత్యం అదే ఊరి నుంచి మద్రాసు వెళ్లి, సినిమా డ్యాన్సులకు సహాయకుడిగా పనిచేసి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. తెల్లవార్లూ సాగే ఆటను రెండు మూడు గంటల నృత్యనాటకంగా కుదించి శ్రీకృష్ణ పారిజాతం, చండాలిక లాంటివి చేశారు. వాటినే మనవాళ్లు బ్యాలేలు అన్నారు. మీ మాస్టారి రూపకాలకు అది పెద్దన్న లాంటిది. అంతెందుకు, మీ గుడివాడలో ఏఎన్నార్ కాలేజీ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లుంటారు? నాటకాల్లో ఆడవేషాలు కట్టిన కుర్రాడి పేరు అండీ అది. అప్పట్లో ఆ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ‘వేషాలు కడితే ఏమొస్తుంది’ అని అడిగే ఉంటారు.

ఇప్పుడు మీ బావమరిది గారి లక్షలు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ ఏడాది అందరి నోటా ఇదే మాట. అమెరికాలో కూచిపూడికి గిరాకీ ఉంది, కాదనను. కాలిఫోర్నియాలో మనవాళ్లు పెట్టిన యూనివర్సిటీలో కూచిపూడి పీజీ కూడా ఉంది. అక్కడి రంగప్రవేశాల (పిల్లల తొలి పూర్తి ప్రదర్శనల) మీద బతుకుతున్న గాయకులు, మృదంగం వాళ్లు నాకు తెలుసు. కానీ డల్లాస్‌లో సాయంత్రం ఆరంటే మనకు వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. రోజూ ఆ వేళకు లేచి తాళం కొట్టే తట్టు కర్ర పట్టుకోవాలి. ఇక్కడ కొట్టిన తాళం అక్కడికి ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది, అక్కడి అడుగు ఇంకో క్షణం ఆలస్యంగా మనకు కనిపిస్తుంది. పిల్ల తాళం తప్పిందో, ఇంటర్నెట్ తప్పిందో చెప్పలేం. అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) ఎంత కూర్చుందో కెమెరాలో తెలియదు. మోకాలు తప్పుగా వంగితే పక్కన నిలబడి సరిచేసే చెయ్యి లేదు. ఇరవై ఏళ్లు నేర్పినవాళ్లే ఇబ్బంది పడే పని ఇది. పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఇంకా తనే నేర్చుకోవాల్సిన వయసు. లక్షలు వస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పేరు ముందు స్టేజి మీద పండింది, తర్వాత ఫోన్లోకి వెళ్లింది. మీ బావమరిది ఆ రెండో సగమే చూశారు.

ఇంకో ఫ్యాషన్ కూడా చెప్పాలి, ఎవరైనా నొచ్చుకున్నా సరే. వేలమందిని ఒకే మైదానంలో నిలబెట్టి రికార్డులు చేయడం. 2016లో విజయవాడలో ఆరు వేల మందికి పైగా ఒకేసారి ఆడారు. చూడముచ్చటగానే ఉంది, పిల్లలకు అదొక పండగ. కానీ ఆ సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించుకుని ‘మా అమ్మాయి ప్రొఫెషనల్’ అని నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్ని చూస్తే జాలేస్తుంది. ఆరు వేలలో ఒకరిగా ఆడటం వేరు, కోమటి వీధి గుడి ముందు కరెంటు పోతే పాట ఆగకుండా ప్రవేశ దరువు (పాత్ర స్టేజి మీదకు వచ్చే పాట) పూర్తి చేయడం వేరు. రెండోది నేర్పేది చిన్న బృందమే.

బీటెక్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇష్టం లేని పిల్లను సీఎస్‌ఈలో కూర్చోబెడితే బ్యాక్‌లాగులతో మళ్లీ నా దగ్గరికే వస్తారు, అంతవరకే చెప్తాను.

ఇక మిమ్మల్ని ఒక మాట అనాలి. మీ ఉత్తరం రెండు పేజీలు, పైన కుదించి వేశాం. కాలేజీ ఫీజు ఎంతో రాశారు, మీ అన్నగారి అబ్బాయి ప్యాకేజీ రాశారు, కాస్ట్యూముకు ఇప్పటిదాకా ఎంత అయిందో పైసలతో రాశారు. మీ అమ్మాయి బృందంలో ఏ వేషం వేస్తుందో ఎక్కడా లేదు. రుక్మిణా, సత్యభామా, చెలికత్తెలలో ఒకరా? పదకొండేళ్లు బండి మీద దింపి, బయట టీ తాగి, తీసుకొచ్చారా? నాట్యంలో ఆమె స్థాయి తెలియకుండా మూడు దారులు పోల్చమంటే నేనైనా ఏం పోల్చను? ప్రధాన వేషాలు వేస్తుంటే ఒక సలహా, వెనక వరసలో ఉంటే ఇంకో సలహా. మాస్టారిని మొహమాటం లేకుండా అడగండి, ‘మా అమ్మాయికి సొంతంగా గంటన్నర స్టేజి నిలబెట్టే సత్తా ఉందా’ అని. పదేళ్లు చూసిన మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్తాడు.

ఆయన ఉందంటే, నేను చెప్పే దారి ఇది. గుడివాడలోనే ఏదో ఒక డిగ్రీలో చేర్పించండి. పగలు కాలేజీ, సాయంత్రం బృందం. దాంతో పాటు విజయవాడలో ఘంటసాల గారి పేరున్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల సర్టిఫికెట్, డిప్లొమా పూర్తి చేయించండి. గవర్నమెంటు ముద్ర ఉన్న కాగితం స్కూళ్లలో డ్యాన్స్ టీచరు పోస్టుకు అడుగుతారు. డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గానీ తెలుగు విశ్వవిద్యాలయంలో గానీ నృత్యంలో ఎంపీఏ (పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌లో పీజీ). ఆపైన యూజీసీ నెట్‌లో పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ ఉంది, అధ్యాపకురాలు కావాలంటే అదే దారి. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల మధ్య వాళ్లకు సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) ద్వారా కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. ఇప్పుడే తనకు ఆ వయసు వచ్చింది కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ వదలొద్దు. గురువు, శిష్యులు ఉన్న బృందాలకు కేంద్రం ఇచ్చే రెపర్టరీ గ్రాంటు కూడా ఉంది. మీ మాస్టారు దానికి దరఖాస్తు చేశారో లేదో కనుక్కోండి. చేయకపోతే కాగితాలు నింపడంలో మీరు సాయం చేయండి. కాస్ట్యూము లెక్క పైసలతో రాసినవారు, ఆ పని మీకు బాగా వస్తుంది.

ఆయన ‘ఇంకా టైం పడుతుంది’ అంటే బీటెక్ తీసుకోండి, తప్పు లేదు. కానీ హైదరాబాద్ వద్దు. విజయవాడ చుట్టుపక్కల కాలేజీ చూడండి, ర్యాంకు పది మెట్లు తక్కువైనా సరే. శనివారం మధ్యాహ్నం బస్సెక్కితే సాయంత్రం రిహార్సల్ వేళకు గుడివాడలో దిగుతుంది.