పాటన్ మెరుగైన ట్యాంకా, సెంచూరియనా?

1965 యుద్ధంలో పాకిస్తాన్ పాటన్లు మన సెంచూరియన్ల కంటే మెరుగైనవే అయితే పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ గ్రామం దగ్గర జరిగిన పోరులో ఎందుకు దెబ్బతిన్నాయని మీరు అడిగారు. ఆ యుద్ధం నాటికి నేను సైన్యంలో లేను. తరవాతి కాలంలో విజయంత ట్యాంకు మీద గన్నర్‌గా పనిచేశాను. అహ్మద్‌నగర్‌లోని ట్యాంకుల మ్యూజియంలో ఈ రెండింటినీ దగ్గర నుంచి చూశాను.

కాగితం మీద పాటన్‌దే పైచేయి. దాని ఫిరంగి 90 మిల్లీమీటర్లది, వేగం గంటకు 48 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సెంచూరియన్ 50 టన్నుల పైచిలుకు బరువుతో 35 కిలోమీటర్లకు మించి పరుగెత్తలేదు. అయితే దాని 84 మిల్లీమీటర్ల ఫిరంగి నుంచి వెలువడే సాబో గుండు (బయటి తొడుగు వదిలేసి సన్నటి గట్టి లోహపు ముక్క మాత్రమే దూసుకెళ్లే రకం) సెకనుకు 1,400 మీటర్లకు పైగా వేగంతో వెళ్లి పాటన్ ముందు కవచాన్ని చీల్చగలిగేది. రెండింటివీ పెట్రోలు ఇంజన్లే కాబట్టి మంటల భయం ఇద్దరికీ ఉండేది.

నా దృష్టిలో అసలు తేడా దూరాన్ని లెక్కగట్టడంలో ఉంది. పాటన్‌లోని స్టీరియోస్కోపిక్ రేంజ్ ఫైండర్‌లో, అంటే దూరం కొలిచే పరికరంలో, రెండు కళ్లతో చూసి బొమ్మను లక్ష్యం మీద సరిగ్గా కూర్చాలి, అది అందరి కళ్లకూ, అందులోనూ తొందరలో, సాధ్యమయ్యే పని కాదు. మా విజయంతలో ముందు 12.7 మిల్లీమీటర్ల మెషిన్ గన్‌తో మూడేసి తూటాలు వదిలి, అవి తగిలిన చోట మెరుపు కనిపించాకే ఫిరంగి పేల్చేవాళ్లం. అంత సులువైన పద్ధతిలో కూడా, పేలిన గుండు ఖాళీ ఇత్తడి తొడుగు కాళ్ల దగ్గర పడి టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే గది) అంతా మందు పొగ నిండిపోయినప్పుడు, రెండో గురి సరిచేసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. సెంచూరియన్ గన్నర్ కంటి అంచనాతోనే పేల్చి, గుండు పడిన చోటును చూసి సరిచేసుకునేవాడు. చెరకు తోటల మధ్య కొద్ది వందల మీటర్ల దూరంలో ఆ పద్ధతే త్వరగా పనిచేసింది.

అసల్ ఉత్తర్‌లో సెప్టెంబరు 8 నుంచి 10 వరకు ముందుకు దూకవలసింది పాటన్లే. మనవాళ్లు కాలువ నీళ్లు వదిలిన పొలాల్లో అవి కూరుకుపోయాయి, ఆ నేలలోకి దిగి ఉంటే వాటికంటే బరువైన సెంచూరియన్‌కూ అదే గతి పట్టేది. మన లెక్క ప్రకారం శత్రువు 97 ట్యాంకులు పోగొట్టుకున్నాడు. నిజాం కాలపు సైనిక దళమైన హైదరాబాదు కంటింజెంటు నుంచి పుట్టిన దక్కన్ హార్స్ రెజిమెంటు రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్ ట్యాంకులతోనే అక్కడ నిలబడిందని గుర్తుంచుకోండి.

ఆ పొలాల్లో కాచుకుని ఉండాలంటే నేను సెంచూరియన్‌నే కోరుకుంటాను. బయలు నేలలో రెండు వేల మీటర్ల నుంచి కొట్టాలంటే, రేంజ్ ఫైండర్ మీద చేయి తిరిగిన సిబ్బంది ఉంటే, పాటన్‌నే ఎంచుకుంటాను.