మిషిగన్ సరస్సు మీదికి బయలుదేరుతున్న మేనల్లుడికి

కొవ్వూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పద్దెనిమిది అడుగుల బోటు కొన్నావనీ, సెప్టెంబరులో అక్కడ అమెరికాలో లడింగ్‌టన్ రేవు నుంచి మిషిగన్ సరస్సులోకి సాల్మన్ వేటకు వెళ్ళబోతున్నావనీ మీ అమ్మ నిన్న సాయంత్రం వచ్చి చెప్పింది. నాకు ముందు గర్వమే కలిగింది. ఇరవై రెండేళ్ళు నేనా ఒడ్డున ఉన్నా, మన పిల్లల్లో ఒక్కరు కూడా తెల్లవారుజామున లేచి నాతో వస్తానని అనలేదు. ఆ తర్వాత మీ అమ్మ ఫోనులో నీ బోటు ఫొటో చూశాను. ముందు సీటు కింద నారింజ రంగు లైఫ్ జాకెట్లు కొన్ననాటి ప్లాస్టిక్ కవరులోనే ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టలేదు.

తెలిసిన సంగతులే అయినా ఒకసారి చెప్పనివ్వు. లైసెన్సు తీసుకో, అది మార్చి 31తో ముగుస్తుందని గుర్తుంచుకో. బోటు నీళ్ళలోకి దించే ముందు అడుగునున్న బిరడా బిగించావో లేదో చేత్తో తడిమి చూడు. నువ్వు నీళ్ళలో పడితే ఇంజను ఆపే తాడు ఒంటికి తగిలించుకో, 2021 నుంచి అది చట్టం కూడా.

ఇక చేప సంగతి. ఆ సరస్సు 307 మైళ్ళ పొడవు, 118 మైళ్ళ వెడల్పు, బాగా లోతైన చోట 923 అడుగులు. అంత నీటిలో చేపను వెతకవలసింది చల్లదనాన్ని బట్టి. చినూక్ సాల్మన్‌కు, అంటే అక్కడివాళ్ళు కింగ్ అనే చేపకు, యాభై నుంచి యాభై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్ళు ఇష్టం. ఎండాకాలంలో ఆ పొర ఎంత లోతున ఉంటే అంత లోతుకు డౌన్‌రిగ్గర్‌తో, అంటే ఉక్కుతీగ చుట్టిన గిలకతో, పది పన్నెండు పౌన్ల సీసపు గుండు దించి, గంటకు రెండు రెండున్నర మైళ్ళ వేగంతో ఎరను లాగుతూ పోవాలి. లేక్ ట్రౌట్ కావాలంటే ఇంకా నెమ్మదిగా, నేలకు దగ్గరగా లాగు. ఎర ఉన్న లైనును ఆ తీగకు క్లిప్పుతో తగిలిస్తారు, చేప తగలగానే అది క్లిప్పు నుంచి ఊడిపోతుంది. అప్పటిదాకా విల్లులా వంగి ఉన్న గాలం కర్ర ఒక్క క్షణం నిటారుగా లేచి, మరుక్షణం మునుపటి కంటే ఎక్కువగా వంగుతుంది. ఆ క్షణం కోసమే నేను అన్నేళ్ళు వెళ్ళాను. సెప్టెంబరులో ఆ కింగ్‌లు పేర్ మార్కెట్ (Pere Marquette) అనే నదిలోకి ఎక్కడానికి రేవు గోడల దగ్గర గుంపులు కడతాయి. వరద గోదావరికి పులస ఎదురెక్కినట్లే అవీ గుడ్లు పెట్టడానికి నదిని ఎక్కుతాయి, కాకపోతే ఎక్కిన కింగ్ తిరిగి వెళ్ళదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. దీన్ని తొందరపడకుండా చదువు.

లడింగ్‌టన్ తూర్పు ఒడ్డున ఉంది కనుక తూర్పుగాలి అక్కడ నేల మీద నుంచి వీస్తుంది. అది పైనున్న వెచ్చని నీటిని లోపలికి నెడితే, అడుగు నుంచి చల్లని నీరు ఒడ్డు దగ్గరికి వస్తుంది, దానితోపాటే చేపా వస్తుంది. రేవు దగ్గర నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఆ అద్దాన్ని నమ్మి నేనూ, మా ఆఫీసులో పనిచేసే తెనాలి మిత్రుడూ చీకటితోనే బయలుదేరాము. రెండు కింగ్‌లు పడ్డాయి. మూడోదాని కోసం, నాలుగోదాని కోసం ఆరు మైళ్ళ లోపలికి పోయాము. పది గంటలకు గాలి వాయవ్యానికి తిరిగింది. వెనక్కి వెళ్దామని ఆయన రెండుసార్లు అన్నాడు, ఇంకొక్క చుట్టు అని నేనే ఆపాను. సముద్రపు అలల మధ్య ఊపిరి తీసుకునే ఎడం ఉంటుంది. ఆ సరస్సు అలలు పొట్టిగా, నిలువుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి కొడతాయి. అవి పెరగడం చూసి భయపడి, లైన్లు నీళ్ళలో ఉండగానే స్టీరింగ్ గిర్రున తిప్పాను.

డౌన్‌రిగ్గర్ ఉక్కుతీగ ప్రొపెల్లరుకు చుట్టుకుంది. ఇంజను ఆగింది, బోటు అలలకు అడ్డంగా తిరిగింది. తీగ తెంపడానికి ఆయన కటింగ్ ప్లేయరు పట్టుకుని వెనుక అంచు మీద నుంచి వంగాడు. మరుసటి అలకు ఆయన బోటులో లేడు. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో తెలుసా? ముందు అరలో, ఐసు పెట్టె వెనక, వాన కోట్ల కింద. రేడియో ఇంట్లో చార్జింగులో ఉంది. ఆయన కృష్ణ కాలవల్లో చిన్నప్పటి నుంచి ఈదినవాడు, అయినా నోరు తెరిచి గాలి కోసం ఎగపీలుస్తున్నాడే తప్ప ఒక్క మాట రాలేదు. తాడు విసిరాను, చేతికి తగిలింది, వేళ్ళు ముడుచుకోలేదు. ఆ తెరుచుకున్న వేళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళముందు కనబడతాయి. చివరికి తాడు చంకల కింద నుంచి ఉచ్చు వేసి బోటుకు ఆనించి పట్టుకున్నాను, పైకి లాగే బలం నాకు చాలలేదు. దూరం నుంచి మమ్మల్ని చూసిన వృద్ధ దంపతులు తమ పెద్ద బోటు తిప్పుకుని వచ్చి ఆయన్ను ఎక్కించారు. ఆయన మళ్ళీ నీటి మీదికి రాలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు.

గోష్పాద రేవులో ఈత నేర్చుకున్నానని నువ్వు అంటావు, నాకు తెలుసు, నేర్పినవాణ్ణి నేనే. గోదావరి నీళ్ళు వేరు నాన్నా. చల్లని నీటిలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం పడుతుంది, చేతులు పనికొచ్చేది పది నిమిషాలు, స్పృహ ఉండేది సుమారు గంట అని అక్కడ నేర్పుతారు. ఆ మొదటి నిమిషం తల పైకి ఉంచేది ఈత కాదు, ఒంటి మీదున్న జాకెట్టు. పడ్డాక తొడుక్కోవడం దాదాపు ఎవరికీ సాధ్యం కాదు.

ఇది నా ఒక్కడి పిరికితనం కాదు. అలెవైఫ్ చేపలు మితిమీరి పెరిగినందున వాటిని తినడానికి పసిఫిక్ తీరపు కోహో సాల్మన్‌ను 1966లో ఆ సరస్సులోకి తెచ్చారు. మరుసటి శరత్తులో అవి పెద్దవై తిరిగి రాగానే జనం చేతికందిన చిన్న పడవలన్నీ వేసుకుని వెళ్ళారు. 1967 సెప్టెంబరు 23న లడింగ్‌టన్‌కు ఉత్తరాన ప్లాట్ బే దగ్గర గాలి లేచి ఏడుగురు వేటగాళ్ళు చనిపోయారు. చేపలు బాగా పడుతున్న రోజున మనిషి ఆకాశం వైపు చూడడు, అప్పుడు వాళ్ళూ, తర్వాత నేనూ అంతే.

అందుకని బయలుదేరే ముందు రాత్రి ఒకసారి, రేవులో మరోసారి వాతావరణ శాఖ వారి తీర ప్రాంత సూచన చూడు. చిన్న పడవలకు హెచ్చరిక ఉంటే బోటును ట్రెయిలరు మీద నుంచి దించవద్దు, నాలుగు గంటలు కారు నడిపి వచ్చినా సరే. గాలి దిక్కు మారినట్టు చెంపకు తెలియగానే ముందు లైన్లన్నీ చుట్టు, తర్వాతే బోటు తిప్పు. రేడియో పదహారో చానల్ మీద ఉంచు, ఆపదలో పిలిచేది దాని మీదే. ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి ఒడ్డుకు వస్తావో అక్కడే ఉన్న మనిషికి రాసి ఇవ్వు, సమయం దాటితే లడింగ్‌టన్ కోస్ట్ గార్డుకు ఫోన్ చేయగలిగేది వారే.

నాకూ ఒక మెసేజ్ పెట్టు. నువ్వు మధ్యాహ్నం పన్నెండుకు ఒడ్డు చేరితే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, అంతవరకూ నేను పడుకోను, మీ అమ్మ కూడా మా ఇంట్లోనే కూర్చుంటుంది. పెద్ద లేక్ ట్రౌట్ పడితే పులుసు పెట్టే ముందు తోలూ కొవ్వూ తీసేయమని మీ ఆవిడకు చెప్పు, పీసీబీల వంటి విష రసాయనాలు చేరేది ఆ కొవ్వులోనే. ముందుగా మాత్రం ఆ ప్లాస్టిక్ కవరు చింపి, జాకెట్టు తొడుక్కుని, బకిల్ బిగించి ఒక ఫొటో పంపు. మీ అమ్మకు దాన్ని నేనే చూపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య