తలా ఖర్చు తక్కువైతే మంచి ఆసుపత్రేనా?

ప్రశ్న: ప్రభుత్వాసుపత్రుల మీద ఏటా కోట్లు పోస్తున్నారు. అవే ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ ప్యాకేజీ డబ్బుతో ప్రైవేటులో అయిపోతున్నాయి కదా. మొత్తం బడ్జెట్‌ని రోగుల సంఖ్యతో భాగిస్తే ఏది చవకో తేలిపోదా?
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: తేలదండీ. రోగులంతా ఒకటే రకం కాదు కదా. మన విశాఖ కేజీహెచ్‌నే (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చూడండి, 1923 నుంచీ ఉన్న ఆసుపత్రి. శ్రీకాకుళం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి కూడా వస్తారు. పురుగుమందు తాగినవాళ్లు, కాలినవాళ్లు, ఇంకెక్కడా చేర్చుకోక ప్రాణం మీదికి వచ్చాక చేరినవాళ్లు. వీళ్లనీ, ముందే తేదీ తీసుకుని కంటి ఆపరేషన్‌కి వెళ్లే మనిషినీ ఒకే లెక్కలో కలిపేస్తే వచ్చే అంకెకి అర్థం లేదు. మెడికోలకు చదువు చెప్పేదీ ఆ వార్డుల్లోనే, ఆ ఖర్చు విడదీయాలి.

ఇంకో సంగతి. ఆసుపత్రి ఖర్చులో పెద్ద వాటా జీతాలదే, బెడ్లు ఖాళీగా ఉన్నా నిండినా అవి మారవు, కాబట్టి ఏ ఆసుపత్రిలోనైనా ఒకే బెడ్డు మీద ఇద్దరు బాలింతల్ని పడుకోబెడితే తలా ఖర్చు ఇట్టే పడిపోతుంది. దాన్ని పొదుపు అనడం నాకు ఒప్పదు. అందుకే పాబోన్ లాసో అనే పరిశోధకుడు 1986లో బెడ్లు ఎంత నిండాయి, ఒక్కో బెడ్డు మీద ఏడాదికి ఎంతమంది మారారు, సగటున ఎన్నాళ్లున్నారు అనే మూడింటినీ ఒకే గ్రాఫులో చూసే పద్ధతి చెప్పాడు. బెడ్లు ఖాళీగా ఉన్న ఆసుపత్రి ఏదో, రోగుల్ని అనవసరంగా ఉంచేస్తున్నది ఏదో దాంతో కనిపెట్టొచ్చు.

అయినా జబ్బు నయమైందా లేదా అన్నది అందులో ఉండదు. దానికి 'డాలీ' అనే కొలత ఉంది, ప్రపంచ బ్యాంకు 1993 నివేదికతో ప్రచారంలోకి వచ్చింది. జబ్బు వల్ల, అకాల మరణం వల్ల పోయే ఆరోగ్యకరమైన ఏళ్లని లెక్కగడతారు. పాము కరిచిన పాతికేళ్ల కూలీకి విరుగుడు ఇంజక్షన్ వేసి బతికిస్తే, ఆ కొద్ది ఖర్చుకి దశాబ్దాల జీవితం దక్కినట్టు.

అన్నిటికన్నా నాకు బాధనిపించేది, రోగి జేబులోంచి పోయే డబ్బు ఈ లెక్కల్లో చాలాసార్లు కనపడకపోవడం. స్టాకు లేదని మందులు బయటికి రాసిచ్చిన రోజు ఆసుపత్రి ఖర్చు తగ్గుతుంది, అప్పు చేసేది ఇంటివాళ్లు. బస్సు చార్జీలు, తోడుండే మనిషి పోగొట్టుకున్న కూలి కూడా ఖర్చే.

మీరు అడిగిన పోలిక చేయాలంటే ఒక్క జబ్బు తీసుకోండి, తుంటి ఎముక విరిగిన కేసులే అనుకుందాం. రెండు చోట్లా ఒకే వయసు, ఒకే తీవ్రత ఉన్నవాళ్లని ఎంచి, ఆరు నెలలకి ఎవరు నడుస్తున్నారో, ఇంటి మీద ఎంత అప్పు పడిందో కూడా కలిపి చూడాలి. అప్పుడు ప్రైవేటే మేలని తేలితే ఆ ఆపరేషన్ వరకు అక్కడికే పంపమని నేనూ అంటాను.