‘ఓపిక లేదు’ అంటే చేతకాకా, ఇష్టం లేకా?

సందేహం: మెదడుకు పని పెట్టడానికి ఎవరు ఎంతవరకు సిద్ధపడతారో కొలిచే ప్రశ్నావళిని తెలుగు చేస్తున్నాను. ‘మేధోశ్రమ చేసే ఓపిక’ అని రాశాను. సరైనదేనా?

సమాధానం: రెండు మాటలూ మార్చాలి. మొదటిది వ్యాకరణం కోసం, రెండోది కొలత కోసం.

మనోబలం, మనోధైర్యం అంటాం. శకారం ముందు మాత్రం ఆ ఓకారం రాదు. మనశ్శాంతే తప్ప మనోశాంతి లేదు. కాబట్టి ‘మేధోశ్రమ’ కుదరదు. ‘మేధాశ్రమ’ సాధువే కానీ, చదివేవారికి అందులో ఆశ్రమం కనిపిస్తుంది. ‘మానసిక శ్రమ’ అంటే దిగులూ వేదనా ముందు తడతాయి. ‘బుద్ధిశ్రమ’ అనండి. వాక్యంలో అయితే, మీరే సందేహంలో రాసిన ‘మెదడుకు పని పెట్టడం’ ఇంకా హాయిగా ఉంది.

అసలు చిక్కు ‘ఓపిక’తోనే. జ్వరం నుంచి లేచిన మనిషి ‘ఓపిక లేదు’ అంటే ఒంట్లో శక్తి లేదని అర్థం. సగం నింపిన గళ్లనుడికట్టును పక్కన పెట్టేసిన మనిషి అదే మాట అంటే శక్తి ఉన్నా పూనుకోవాలని లేదని. ఈ కొలతకు కావలసింది రెండోది మాత్రమే.

2013లో మనస్తత్వ పరిశోధకుడు ఆండ్రూ వెస్ట్‌బ్రూక్ బృందం ప్రకటించిన పద్ధతి చూడండి. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి పోతుంటాయి. ఇప్పుడు కనిపించినది రెండక్షరాల కిందట వచ్చినదేనా, కాదా చెప్పాలి. మూడు, నాలుగు అక్షరాలు వెనక్కు వెళ్లేకొద్దీ తల వేడెక్కుతుంది. అన్నీ చేయించాక బేరం పెడతారు: కష్టమైనదానికి ఎక్కువ సొమ్ము, తేలికదానికి తక్కువ; ఏది చేస్తారు? ఎటూ తేల్చుకోలేని చోటు వచ్చేదాకా తేలికదాని సొమ్మును పెంచుతూ తగ్గిస్తూ పోతారు. శ్రమ తప్పించుకోవడానికి ఎవరు ఎంత వదులుకుంటారో అక్కడ బయటపడుతుంది. ఎంత బాగా చేయగలరన్నది వేరే లెక్క.

ఈ తేడాను చూపడానికి తెలుగుకు ఒక్క అక్షరం చాలు: ‘ఆలోచించలేను’, ‘ఆలోచించను’. ఆ ‘లే’ మీ ప్రశ్నావళిలో పొరపాటున దూరితే కొలత మొత్తం సామర్థ్యం వైపు ఒరిగిపోతుంది. ‘ఆలోచించబుద్ధి కాదు’ అన్న పలుకుబడి మరీ ముచ్చటైనది. అక్కడ బుద్ధి అంటే తెలివి కాదు, మనసు మొగ్గడం; మీరు వెతుకుతున్నది అదే.

ఇక ‘ఇష్టం’ అన్న మాటను ఆచితూచి వాడండి. మనస్తత్వవేత్తలు జాన్ కాసియొప్పో, రిచర్డ్ పెటీ 1982లో 34 వాక్యాలతో కూర్చి, 1984లో 18కి కుదించిన కొలమానం చూసేది ఆలోచించడంలోని ఆనందాన్ని కూడా. మీది అటువంటిదైతే ‘ఇష్టం’ సరిపోతుంది. కాకపోతే శీర్షికలో ‘బుద్ధిశ్రమకు సుముఖత’ అనండి. ‘సంసిద్ధత’లో ముందస్తు తయారీ ధ్వనిస్తుంది కనుక అది నాకు రెండో ఎంపికే. ‘బద్ధకం’ మాత్రం ఎక్కడా రానివ్వకండి. అది నింద, తనకు అది ఉందని ఎంతమంది నిజాయతీగా గీత పెడతారు?