వాల్‌దెమోస్సా కొండ నడకకు బయలుదేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఏప్రిల్ మొదటి వారంలో అమ్మాయితోనూ, మీ మామగారితోనూ కలిసి స్పెయిన్‌లోని మయోర్కా దీవికి వెళుతున్నామనీ, వాల్‌దెమోస్సా ఊరి నుంచి కొండ ఎక్కి, గట్టు మీదుగా తిరిగి, మళ్లీ అదే ఊరికి దిగివచ్చే చుట్టు దారిలో ఒక రోజంతా నడవాలని ఉందనీ నీవు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. బార్సెలోనాలో ఉద్యోగం చేసిన కాలంలో నేను ఆ దారికి తొమ్మిది సార్లు వెళ్లాను. ఏడు సార్లు పూర్తిగా నడిచాను, రెండు సార్లు సగంలో వెనుదిరిగాను. పూర్తిచేసిన రోజులకంటే వెనుదిరిగిన రోజులే నాకు ఆ కొండను ఎక్కువగా నేర్పాయి కనుక ఈ ఉత్తరంలో ఆ రెండు రోజుల సంగతి కాస్త ఎక్కువగా రాస్తాను.

ఊరు సముద్రమట్టానికి 400 మీటర్ల పైచిలుకు ఎత్తులో, సెర్రా ద త్రముంతానా పర్వతశ్రేణి ఒడిలో ఉంటుంది. చుట్టు దారి మొత్తం దాదాపు 12 కిలోమీటర్లు. దారిలో ఎక్కువ ఎత్తైన చోటు కరగొలీ శిఖరం, సుమారు 945 మీటర్లు. పక్కనే 1,064 మీటర్ల తేష్ శిఖరం ఉంది కానీ అది చుట్టు దారిలోనిది కాదు, దానికోసం విడిగా ఇంకో గంట వెచ్చించాలి. ఆగకుండా నడిస్తే ఐదు గంటలు పడుతుంది, మనుషులు నడిచినట్టు ఆగుతూ, చూస్తూ నడిస్తే ఆరున్నర గంటలు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాడివి, కాళ్ల బలం గురించి నీకు చెప్పనవసరం లేదు. అయితే అక్కడ దారి పొడుగునా పైకప్పు, కుళాయిలు, దుకాణాలు, పక్కన పదిమంది భక్తులు ఉంటారు. ఇక్కడ చివరి ఇల్లు దాటిన తరువాత, అవతలి వైపు లోయలోకి దిగేవరకు మంచినీటి చుక్క దొరకదు. అది సున్నపురాతి కొండ. ఎంత వాన కురిసినా నీరు పగుళ్లగుండా లోపలికి ఇంకిపోయి ఎక్కడో కింద ఊటగా బయటపడుతుంది తప్ప పైన నిలవదు. అందువల్ల మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఊరిలోనే నింపుకొని బయలుదేరండి. ఆ బరువు మోయడానికి బద్ధకించినవారిని గట్టు మీద ఇతరుల సీసాల వంక చూస్తూ కూర్చోవడం నేను చూశాను.

మధ్యధరా ప్రాంతం అనగానే మనవాళ్లకు ఎండ తప్ప మరేమీ గుర్తుకురాదు. 1838 డిసెంబరులో సంగీతకారుడు షోపెన్ జబ్బుపడిన తన ఊపిరితిత్తులకు వెచ్చని గాలి మేలు చేస్తుందన్న ఆశతో ఈ ఊరికే వచ్చి, సన్యాసులు వదిలివెళ్లిన మఠంలోని గదులలో బస చేసి, వానలకూ చలికీ మరింత క్షీణించి, ఫిబ్రవరిలో తిరిగి వెళ్లిపోయాడు. ఏప్రిల్ అంత కఠినంగా ఉండదు. అయినా ఊరిలో చొక్కాతో తిరిగే ఎండ ఉన్న రోజునే గట్టు మీద చెవులు గడ్డకట్టించే ఉత్తరపు గాలి వీస్తుంది. ఆ గాలి పేరే త్రముంతానా, కొండలకు పేరు దానినుంచే వచ్చింది. కాబట్టి ఉన్ని టోపీ ఒకటి, గాలి చొరని పలుచని కోటు ఒకటి ప్రతి ఒక్కరి సంచిలోనూ ఉండాలి. బూట్ల అడుగుభాగం అరిగిపోయి ఉంటే కొత్తవి కొనుక్కో. తరాల తరబడి గాడిదల గిట్టలు తగిలి నునుపెక్కిన సున్నపురాయి తడిస్తే సబ్బు మీద కాలు వేసినట్టే ఉంటుంది.

ఊరి నుంచి ఎక్కే అడవిలో కొంత భాగం ప్రైవేటు ఎస్టేటు కిందికి వస్తుంది. అక్కడ గూళ్లు పెట్టే నల్ల రాబందుల రక్షణ కోసం రోజుకు ఇంతమందే వెళ్లాలని పరిమితి పెట్టి, ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి ఏర్పాటు చేశారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి రెండు వారాల ముందే కనుక్కొని మీ ఇద్దరి పేర్లూ నమోదు చేయించు (మీ మామగారి సంగతి కింద రాస్తాను). అనుమతి అడగడం కొందరికి చిన్నతనంగా తోస్తుంది కానీ నాకు అలా తోచలేదు. రెక్కలు విప్పితే రెండున్నర మీటర్లు మించే ఆ పక్షి నీ తలపైన చప్పుడు లేకుండా తేలిపోతున్నప్పుడు, దానికోసం ఒక కాగితం నింపడం నీకూ బరువనిపించదు.

దారిని ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నది తరువాతి ప్రశ్న. నా మాట వింటే ముందు అడవిగుండా ఎక్కి, గట్టు మీదుగా నడిచి, కైరత్స్ లోయ మీదుగా దిగండి. నిటారు ఎక్కుడంతా పొద్దుటి నీడలో, కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే అయిపోతుంది. అలసిన మోకాళ్లకు వెడల్పాటి లోయ దారి మిగులుతుంది. తిరగేసి నడిచినవారు సాయంత్రం వేళ ఆ వంకర కాలిబాటలో రాళ్ల మీద దిగుతూ పడే అవస్థ నీకు వద్దు. ఎనిమిదిన్నరకు ఊరు విడిచి ఉండాలి.

ఎక్కుడు దారి అల్జీనా అనే ఓక్ చెట్ల అడవిలో మెలికలు తిరుగుతుంది. ఆకులు ఏడాదంతా పచ్చగా, ముదురుగా ఉంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా కింద మసక వెలుతురే. గంటా పావుగంట ఎక్కాక చెట్ల మధ్య చదునైన చోట ఒక పాత బావి కనిపిస్తుంది. దానిని ఎస్ పొవెత్ అంటారు, చిన్న బావి అని అర్థం. ఆ నీరు తాగవద్దు. అన్నిటికంటే శ్రద్ధగా నీవు ఆలోచించవలసిన చోటు ఇదే.

ఆ బావి దగ్గర అనేక కాలిబాటలు కలుస్తాయి. వాటిలో కొన్నే ఎక్కడికైనా చేరుస్తాయి. తక్కినవి పూర్వం బొగ్గు కాల్చేవారు వేసుకున్న దారులు. వారు వేసవి నెలలలో కుటుంబాలతో సహా అడవిలోనే కాపురముండి, చదును చేసిన గుండ్రని అరుగుల మీద అల్జీనా కట్టెను గోపురంలా పేర్చి, మట్టి కప్పి, లోపల నిప్పు మండిపోకుండా, ఆరిపోకుండా రాత్రింబవళ్లు కాపు కాసేవారు. అరుగు ఎక్కడ ఉంటే బాట అక్కడితో ఆగిపోతుంది. నేను మొదటిసారి వెళ్లిన రోజు పొగమంచు దిగింది. చక్కగా నలిగిన బాట ఒకటి చూసి, ఇంత స్పష్టంగా ఉన్నది తప్పుదారి ఎలా అవుతుందని నమ్మి, నలభై నిమిషాలు నడిచి, నాచు పట్టిన ఒక గుండ్రని అరుగు ముందు నిలబడ్డాను. ముందుకు దారి లేదు, వెనుక నేను వచ్చిన దారి పొగమంచులో కనిపించలేదు. రాళ్ల గోడను చేత్తో తడుముకుంటూ బావి దగ్గరకు తిరిగి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఆ రోజు పైకి వెళ్లే ఆలోచన మాని ఊరికి దిగిపోయాను. అందుచేత బాట ఎంత నలిగి ఉందో చూడకు, అది ఏ దిక్కుకు పోతున్నదో చూడు. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసే పటాన్ని ఫోన్‌లో ముందే దింపుకొని, బావి దగ్గర దాన్ని తీసి చూసుకో. ఎడమ వైపు వెళ్లేది సెస్ పుంతెస్ అనే చూపుమేడకు, మరొకటి నేరుగా సోన్ గయార్ద్ కనుమకు పోతాయి. సమయం ఉంటే చూపుమేడ మీదుగా వెళ్లండి, సముద్రం మొదటిసారి ఎదురయ్యేది అక్కడే.

బావి దగ్గర పది నిమిషాలు కూర్చోమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. వచ్చిన దారినే తిరిగి వెళ్లే నడకలో ఎప్పుడు అలసిపోతే అప్పుడు వెనుదిరగవచ్చు, అంత దూరమూ తెలిసిన దారే. చుట్టు దారిలో అలా కాదు. కరగొలీ దాటాక ముందుకు ఎంత దూరమో వెనక్కి కూడా ఇంచుమించు అంతే, పైగా అలసిన మనిషికి ఎప్పుడూ చూడని ముందు దారే పొట్టిగా తోస్తుంది. అందువల్ల నిర్ణయం సగం దూరం వద్ద కాదు, దానికి ఎంతో ముందు, బావి వద్దే జరగాలి. పదకొండున్నర దాటినా, సగం నీళ్లు అప్పటికే అయిపోయినా, గట్టు మీద మబ్బు కూర్చుని ఉన్నా, మీ ఇద్దరిలో ఒకరి కాలు నొప్పిగా ఉన్నా అక్కడినుంచే దిగిపోండి. ఎవరి కాలు నొప్పి అని నీవు అడిగితే అమ్మాయి ఏమీ లేదని అంటుంది. అడగకుండా ఆమె నడక చూసి నీవే గ్రహించాలి.

కనుమ దాటి గట్టు ఎక్కాక దారి తీరే మారిపోతుంది. ఆస్ట్రియా రాజవంశీయుడు ఆర్చ్‌డ్యూక్ లుడ్విగ్ సాల్వతోర్ 1872లో దగ్గరలోని మిరమార్ ఎస్టేటు కొని, క్రమంగా ఈ తీరమంతా భూములు కూడబెట్టి, కొండ అంచుల వెంట గుర్రం మీద వెళ్లడానికి వీలుగా ఈ బాట వేయించాడు. సముద్రాన్ని చూడటం తప్ప ఆ బాటకు వేరే ప్రయోజనం లేదు. పంటకో, కట్టెకో కాకుండా కేవలం చూడటానికి ఒక దారి వేయించినవాడి మీద నాకు గౌరవం కలిగింది. దారిన వచ్చేవారు మూడు రోజులు ఉచితంగా బస చేయడానికి ఆయన ఒక సత్రం కూడా నడిపించాడని తెలిశాక అది మరింత పెరిగింది. ఎడమ వైపు నిట్టనిలువు కొండచరియ, కింద మధ్యలో పెద్ద కన్నం ఉన్న స ఫొరదాదా రాతి కొమ్ము, ఆవల దెయా ఊరు. కుడి వైపు దూరంగా దీవి రాజధాని పాల్మా ముందరి అఖాతం. ఒకేసారి దీవి రెండు వైపులా కనిపించే ఆ చోట ఫొటోల కోసం అంచుకు వెళ్లవద్దు. నేను రెండోసారి వెనుదిరిగింది ఇక్కడి నుంచే. గాలికి నిలబడలేక చేతులు నేలకు ఆనించవలసి వచ్చింది. శిఖరం పావుగంట దూరంలో ఉన్నా దిగిపోయాను, ఈనాటికీ దానికి విచారం లేదు. కరగొలీ వద్ద ఎడమకు చీలే బాట దెయాకు దిగుతుంది. అది అందమైనదే కానీ మీ దారి కాదు.

గట్టు దాటి కైరత్స్ లోయలోకి దిగేటప్పుడు రాతితో కట్టిన లోతైన గుంత ఒకటి వస్తుంది. అది మంచు ఇల్లు. చలికాలంలో పడిన మంచును అందులో పొరలు పొరలుగా తొక్కి, మధ్య మధ్య కారిచ్ అనే గడ్డి పరచి, వేసవిలో రాత్రివేళ కంచర గాడిదల మీద పాల్మాకు తరలించేవారు. 20వ శతాబ్దం తొలి దశకాల వరకు ఆ వృత్తి సాగింది. అక్కడ కూర్చుని అన్నం తినండి. దిగువన ఫోంత్ దెస్ పోల్స్ అనే ఊట ఉంది, కానీ ఎండాకాలంలో సన్నగిల్లుతుంది కనుక దాని మీద లెక్క పెట్టుకోకు.

దారి పొడుగునా సున్నం గానీ మట్టి గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు చూస్తావు. ఈ కొండలను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ రాతికట్టు విద్యను 2018లో, ఇతర దేశాలతో పాటు స్పెయిన్ పేరున కూడా గుర్తించింది. ఒక్క రాయి కదిలితే పక్క రాళ్లకు పట్టు తప్పి, వానాకాలంలో మొత్తం గట్టు జారుతుంది. కాబట్టి గోడల మీద కూర్చోవద్దు, ఎక్కి దాటవద్దు. బాట గుర్తుగా పేర్చిన చిన్న రాళ్ల కుప్పలకు ఇంకో రాయి కలపవద్దు, కొత్తవి పేర్చవద్దు; పొగమంచులో నడిచేవాడికి అవే దిక్కు, తప్పు చోట పేర్చిన కుప్ప నన్ను ఆగమన్న అరుగు దగ్గరకు ఇంకొకరిని చేర్చగలదు. మే 1 నుంచి అక్టోబరు 15 వరకు అడవిలో నిప్పు రాజేయడం నిషేధం, మీరు వెళ్లేది అంతకు ముందే అయినా పొయ్యి ఆలోచన పెట్టుకోవద్దు. ఆపద వస్తే 112 నంబరుకు ఫోన్ చేయాలి.

మీ మామగారి విషయం విడిగా రాస్తున్నాను. అరవై నాలుగేళ్ల వయసులో ఆయన రోజూ నడుస్తారని నీవు రాశావు, కానీ చదును నేల మీది నడక వేరు, రాళ్ల మీద రెండు గంటలు దిగడం వేరు. గుండె ఒప్పుకున్నా మోకాలు ఒప్పుకోదు. ఆయనను చుట్టు దారికి తీసుకువెళ్లకుండా, ఊరి నుంచి కైరత్స్ లోయలో ఊట దగ్గర బల్లలు వేసిన చోటి వరకు నెమ్మదిగా వెళ్లి అదే దారిన తిరిగి రమ్మని చెప్పు. ఆ దారి వెడల్పు, ఎక్కుడు తక్కువ, అడవి అంతా అదే అడవి. ఈ మాట మొదటి రోజే, మర్యాదగా, అమ్మాయి చేత చెప్పించు. కొండ మొదట్లో నిలబడి చెబితే ఆయన నొచ్చుకుంటారు.

తిండి సంగతి. పులిహోర కట్టుకోండి, చల్లారినా రుచి చెడదు, చింతపండు పులుపు దప్పికను కొంత ఆపుతుంది. ఊరిలో కోకా ద పతాతా అని బంగాళాదుంప కలిపి చేసే మెత్తని తీపి బన్ను పేరుపడింది. అయితే మయోర్కా వంటల్లో పంది కొవ్వు వాడకం ఎక్కువ, చుట్ట చుట్టినట్టుండే ఎన్సైమాదాకు ఆ పేరే పంది కొవ్వు నుంచి వచ్చింది. మీరు శాకాహారులు కనుక ఏది కొన్నా ముందు అడిగి తెలుసుకోండి. బాదం పప్పుతో చేసే చల్లని పానీయం మాత్రం నిశ్చింతగా తాగవచ్చు.

మీ మామగారు మీకంటే ముందే ఊరికి చేరతారు. మఠం ముందరి తోటలో ఆయన కూర్చునే చోటు పొద్దున్నే చూసి పెట్టుకోండి. నాలుగింటికి వస్తామని చెప్పి ఐదైతే ఆ గంటసేపు ఆయన కొండ వైపే చూస్తూ కూర్చుంటారు. అందుకని ఐదున్నరకు వస్తామని చెప్పు, ఐదుకే చేరేటట్టు నడవండి.

మీ మావయ్య