శాస్త్రం ఆధారంగా ప్రభుత్వం నిర్ణయాలు తీసుకుంటే నిజంగా తేడా కనిపిస్తుందా?

మీ ప్రశ్నకు మా ఇంటి ఇంకుడు గుంత గురించి చెప్పాలి. ముప్పై ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నదాన్ని.

2003లో తమిళనాడు ప్రభుత్వం పాత ఇళ్లతో సహా ప్రతి కట్టడానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. గడువు దాటితే కుళాయి కనెక్షన్ తీసేస్తామంది. దాని వెనక లెక్క గట్టిదే. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. చెన్నైలో ఏడాదికి సగటున దాదాపు 1,400 మిల్లీమీటర్లు. అంటే 1,200 చదరపు అడుగుల డాబా మీద లక్షన్నర లీటర్లు! పెద్ద ట్యాంకర్లు డజను.

గడువు టెన్షన్‌లో మేస్త్రీ చెప్పినట్టే గుంత తవ్వించి కంకర, ఇసుక పోయించాం. బీసెంట్ నగర్‌లో మా వదినవాళ్లూ అలాంటిదే పెట్టించారు. వాళ్లది సముద్రపు ఇసుక నేల, వాన వెలిసేసరికి గుంతలో చుక్క మిగిలేది కాదు. మడిపాక్కంలో మా స్థలమంతా బంకమట్టి. మూడోనాటికీ నీళ్లు అలాగే నిలిచి దోమలు ముసిరేవి. తనిఖీకి వచ్చినాయన పైపు ఉందని రాసుకుని వెళ్లిపోయాడు. నీళ్లు ఇంకుతున్నాయా అని అడగలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

2005లో బావులు నిండితే అందరూ ఇంకుడు గుంతల పుణ్యమే అన్నారు. నేనూ నమ్మాను. కానీ ఆ ఏడాది వానలే విపరీతం. అందులో గుంతల వాటా ఎంతో తెలియాలంటే, అవి పనిచేసే ఇళ్లలోనూ పనిచేయని ఇళ్లలోనూ నీటిమట్టం కొలిచి పోల్చాలి కదా.

2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే జలాశయాలు పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం అన్నీ అడుగంటాయి. మా బావీ ఎండింది. గుంత మూత తీయిస్తే కంకర మీద జానెడు బురద గట్టిపడి ఉంది, గునపంతో పెళ్లగించాల్సి వచ్చింది. దాన్ని వదిలేసి, డాబా పైపును వడపోత తొట్టి మీదుగా బావిలోకే కలిపించాం.

అప్పట్నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున, అడుగుకో ముడి వేసిన తాడుకు రాయి కట్టి బావిలో దించుతాను. ఎన్నో ముడి దగ్గర తడి తగిలిందో క్యాలెండర్ మీద రాస్తాను. మా వీధిలో మరో నలుగురు ఇప్పుడు ఇలాగే రాస్తున్నారు. అందులో రెండిళ్లకు డాబా నీళ్లు ఇంకా బావికి కలపలేదు. వాళ్ల అంకెలు మరీ శ్రద్ధగా అడిగి తీసుకుంటాను, పోల్చి చూడటానికి అవే కావాలి.